వాక్యం నోటికి వచ్చినా నడవడిక మారనప్పుడు: సండేస్కూలు టీచర్లకు సమస్య - పరిష్కారం

సమస్య: కంఠత వాక్యాన్ని (కంఠస్థం చేయమని ఇచ్చిన బైబిలు వాక్యాన్ని) రిఫరెన్సుతో సహా తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లలే, తరగతి ముగియగానే చెప్పుల దగ్గర తోసుకుంటూ తిట్టుకుంటారు.

కారణం: పిల్లలకు శ్రద్ధ లేదనుకోవడం పొరపాటు. మనం బహుమతి ఇచ్చేది అప్పజెప్పినందుకే కనుక వాళ్లు అంతవరకే నేర్చుకుంటారు. పైగా "మనం కూడా ప్రేమగా ఉండాలి" అని పాఠం ముగిస్తే, ఎవరిపట్ల, ఎప్పుడు, ఏం చేయాలో పిల్లవాడికి తెలియదు.

పరిష్కారం: యేసును చూడాలని మేడిచెట్టెక్కిన సుంకరి (పన్నులు వసూలు చేసేవాడు) జక్కయ్య పాఠంలో (లూకా 19) ఫ్లాష్ కార్డులు చూపుతూ ఆ చెట్టు దగ్గరే ఎక్కువసేపు ఆగుతాం. కానీ అతని మార్పు బయటపడేది, ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానని చెప్పిన చోట. అక్కడ ఆగి, "నువ్వు తీసుకుని తిరిగి ఇవ్వనిది ఏదైనా ఉందా?" అని అడగాలి. జవాబు అందరి ముందూ చెప్పించకుండా, చీటీ మీద రాసి తన బైబిల్లోనే దాచుకోమనాలి. అది పెన్సిలైనా సరే, ఈ వారంలో తిరిగి ఇవ్వాలి. వచ్చే ఆదివారం కొత్త పాఠానికి ముందు ఐదు నిమిషాలు, చెప్పదలచినవారిని ఏం జరిగిందో చెప్పమనాలి. ఇవ్వలేకపోయినవాడిని మందలించకుండా, ఏది అడ్డొచ్చిందో విని, అతనితో కలిసి ప్రార్థించాలి. ఇందుకు సమయం చాలకపోతే ఒక పాట తగ్గించుకోవడమే మేలని నా అభిప్రాయం.

సమస్య: ఏ ప్రశ్న వేసినా "ప్రార్థన చేయాలి, బైబిలు చదవాలి" అన్న జవాబే వస్తుంది.

కారణం: జవాబు ముందే తెలిసిపోయే ప్రశ్నలు వేస్తున్నాం.

పరిష్కారం: తన పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి యేసు నిర్వచనం ఇవ్వలేదు. దొంగల చేతిలో గాయపడినవాడి కథ చెప్పి, ఆ దారిన వచ్చిన ముగ్గురిలో ఎవరు అతనికి పొరుగువాడయ్యాడో ఆ ఉపదేశకుని నోటితోనే చెప్పించి, వెళ్లి అలాగే చేయమన్నాడు (లూకా 10). మనమూ "పరీక్షలో నీ స్నేహితుడే పేపరు చూపించమంటే ఏం చేస్తావు?" అని అడిగి, వెంటనే జవాబు రాకపోయినా ఓపిక పట్టాలి.

సమస్య: మే నెల వీబీఎస్‌లో (వేసవి సెలవుల బైబిలు తరగతుల్లో) యేసును వెంబడిస్తామని తీర్మానం చేసి చేతులెత్తిన పిల్లలు, జూన్‌లో బడులు తెరిచేసరికి కనిపించరు.

కారణం: చేతులు లెక్కపెట్టాం గాని, ఎవరి బాధ్యత ఎవరిదో తేల్చుకోలేదు.

పరిష్కారం: ఒక్కో టీచరు నలుగురైదుగురు పిల్లలను చూసుకోవాలి, వాళ్ల ఇళ్లకు వెళ్లాలి. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం ఈ బోధను ఇంట కూర్చున్నప్పుడు, త్రోవన నడిచేటప్పుడు చేయమంటుంది. తల్లిదండ్రులు విశ్వాసులు కాకపోతే, తరగతిలో ఏం నేర్పుతున్నామో ముందుగా వారికి వివరించి, వారు సమ్మతించిన తరువాతే పిల్లలకు ఏ పనైనా అప్పగించాలి.