థార్‌కు ట్యూనర్ పెట్టించే ముందు జాగ్రత్తలు

ట్యూనర్ అంటే మహీంద్రా థార్ ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) ప్రోగ్రామ్ మార్చి పవర్ పెంచే పరికరం. ముందు వారంటీ చూడండి. ఇంకా ఉంటే ఆగడమే మేలు. ఈసీయూ ప్రోగ్రామ్ మార్చిన బండికి ఇంజిన్ క్లెయిమ్ ఇవ్వబోమని కంపెనీ అనొచ్చు.

ట్యూనర్ మీ మోడల్‌కు, ఇంజిన్‌కు, సంవత్సరానికి సరిపోతుందా? అమెరికా జీపుల కోసం చేసినది మన డీజిల్ థార్‌కు పనికిరాదు.

అన్నిటికన్నా ముఖ్యం పాత ఫైల్. ఫ్లాష్ చేయకముందే, అంటే కొత్త ప్రోగ్రామ్ ఎక్కించకముందే, అసలు ప్రోగ్రామ్‌ను సేవ్ చేయించి, ఒక కాపీ మీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. నేను ఆ పని మరిచి నల్గొండ నుంచి హైదరాబాద్‌కు రెండుసార్లు తిరిగాను. ఫ్లాష్ అవుతున్నంతసేపు బ్యాటరీ వోల్టేజ్ పడిపోకూడదు. మధ్యలో ఆగితే ఈసీయూ పాడవొచ్చు, బండి స్టార్టే కాదు. ఛార్జర్ తగిలించి, ఏసీ, లైట్లు ఆపండి. కరెంటు పోయే వేళ అసలే వద్దు.

డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్), ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే భాగం) తీసేస్తామంటే ఒప్పుకోకండి, అది చట్టవిరుద్ధం.

పవర్ ఎక్కువ కావాలని ఆశపడకండి. మే ఎండలో గుట్టలెక్కేటప్పుడు ఇంజిన్ ముందే కాగుతుంది, తక్కువ స్టేజ్ (పవర్ పెంచే స్థాయి) చాలు.

టైర్లు పెద్దవి వేశారా? స్పీడోమీటర్ తక్కువ చూపిస్తుంది, సరిచేసే సౌకర్యం ట్యూనర్‌లో ఉందో అడగండి.

ట్రయల్ తెలిసినవాళ్ల చెలకలో చేయండి. అమ్రాబాద్ అడవి టైగర్ రిజర్వ్, అటు మళ్లించకండి.