వాల్ మిక్సర్‌ను లీకు లేకుండా బిగించడం

వేడినీటిని, చన్నీళ్లను కలిపి ఇచ్చే కుళాయి అయిన వాల్ మిక్సర్‌ను గోడకు బిగించేటప్పుడు, నీటిని ఆపే జాయింట్లు రెండు రకాలుగా ఉంటాయి. గోడలోని ఎల్బోలోకి (పైపు చివరి వంపు ముక్కలోకి) లెగ్, అంటే మిక్సర్‌ను ఆ ఎల్బోకు కలిపే పొట్టి వంపు గొట్టం, ఎక్కే చోట మరల (స్క్రూ గీతల) మధ్య సందును టెఫ్లాన్ టేపు పూడ్చాలి. అదే లెగ్‌కు మిక్సర్ నట్టు బిగిసే చోట నీటిని ఆపేది లోపలి వాషరే. ఈ తేడా తెలియక నట్టు మరలకు కూడా టేపు చుడితే, వాషరు సరిగ్గా అదమకముందే నట్టు గట్టిపడినట్టు తోస్తుంది, కొన్నాళ్లకు అక్కడి నుంచే చుక్కలు మొదలవుతాయి.

పని మొదలుపెట్టే ముందు గీజరు స్విచ్చి ఆపి, నీటి వాల్వు మూసి, దిగువనున్న మరో కుళాయి తెరిచి పైపుల్లో మిగిలిన నీటిని వదిలేయాలి. ఎల్బోలను తాత్కాలికంగా మూసి ఉంచే డమ్మీ ప్లగ్గులు విప్పిన తరువాత ఎల్బో మరల్లో ఇరుక్కున్న పాత టేపు పోగులను, సిమెంటు రేణువులను శుభ్రంగా తీసేసి, కింద బకెట్ పెట్టి వాల్వును కొద్ది క్షణాలు తెరిచి మూయాలి. చాలామంది వదిలేసే ఈ పనిని నేను తప్పనిసరి అంటాను, ఎందుకంటే పైపులో మిగిలిన ఇసుక రేణువు మిక్సర్ లోపలికి చేరితే కొత్త కుళాయి కూడా పూర్తిగా కట్టుకోదు.

లెగ్ కొసను మీ వైపు తిప్పి పట్టుకుని, గడియారపు ముల్లు తిరిగే దిశలో టేపు చుట్టాలి. ఎదురుదిశలో చుడితే బిగిస్తున్నకొద్దీ టేపు ఊడి ముద్దవుతుంది. కొసన ఒక మరను వదిలి మొదలుపెడితే టేపు ముక్కలు నీటిదారిలోకి పడవు. పలుచని టేపు అయితే 10 నుంచి 12 చుట్లు, మరల గీతలు పైకి కనిపించేంత బిగువుగా లాగుతూ వేయాలి.

లెగ్‌ను మొదట చేత్తోనే ఎక్కించాలి. రెండు చుట్లైనా తేలిగ్గా తిరగకపోతే మర అడ్డంగా పట్టిందని అర్థం, అప్పుడు స్పానర్ వాడకుండా వెనక్కి తీసి మళ్లీ నిటారుగా పెట్టాలి. ఇక అన్నిటికన్నా ఓపిక కావలసింది రెండు లెగ్‌లను సరిచేసే చోట. మిక్సర్ నట్ల మధ్య దూరం సాధారణంగా 150 మిల్లీమీటర్లు ఉంటుంది, గోడలోని ఎల్బోల దూరం దానికి కొంచెం అటూ ఇటూ అయినా లెగ్‌ల వంపు ఆ తేడాను సర్దుతుంది. రెండు కొసల మీద స్పిరిట్ లెవెల్ ఆనించి, అవసరమైనంత ముందుకే తిప్పుతూ సమం చేయాలి. కాస్త వెనక్కి తిప్పినా టేపు పట్టు వదులుతుంది కనుక, అలా జరిగితే లెగ్‌ను పూర్తిగా విప్పి టేపు కొత్తగా చుట్టడమే మంచిది. బలం ఉంది కదా అని అతిగా బిగిస్తే ప్లాస్టిక్ పైపుల ఎల్బో గోడలోనే పగులుతుంది, ఆపైన టైల్సు పగలగొట్టక తప్పదు.

మిక్సర్ ఎక్కించే ముందే లెగ్‌లకు ఫ్లాంజీలు (గోడ దగ్గరి రంధ్రాన్ని కప్పే గుండ్రటి బిళ్లలు) తొడగాలి, తరువాత వాటికి దారి ఉండదు. సాధారణంగా వేడినీరు ఎడమవైపు, చన్నీళ్లు కుడివైపు వస్తాయి. నట్లలో వాషర్లు సమంగా కూర్చున్నాయో లేదో చూసి, రెండు నట్లనూ చేత్తో ఒకేసారి మొదలుపెట్టి, ఒక్కొక్కదాన్ని కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాలి. మిక్సర్‌ను బలవంతంగా లాగి పట్టుకుంటే తప్ప నట్టు మొదలుకాకపోతే లెగ్‌లు ఇంకా సరిగా లేవన్నమాట. మెరుగు చెడకుండా నట్టుకు గుడ్డ చుట్టి స్పానర్ పట్టాలి, చేతి బిగువు తరువాత మరో పావు చుట్టు తిప్పి ఆగాలి.

మిక్సర్ మూసి ఉంచి, ఫ్లాంజీలను గోడకు నొక్కకుండానే వాల్వును నిదానంగా తెరవాలి. అరగంట ఆగి, పొడి టిష్యూ కాగితాన్ని ప్రతి జాయింటు చుట్టూ తిప్పితే కంటికి కనబడని తడి కూడా కాగితం మీద మచ్చగా తేలుతుంది. తడి నట్టు దగ్గరైతే వాషరును సర్ది మళ్లీ బిగించాలి, గోడ దగ్గరైతే వాల్వు మూసి, ఆ లెగ్‌ను విప్పి, టేపు మార్చాలి.

జాయింట్లన్నీ పొడిగా తేలాకే ఫ్లాంజీల అంచుకు సిలికాన్ పూయాలి. అడుగున మాత్రం చిన్న సందు వదలాలి. ఎప్పుడైనా లోపల లీకైతే నీరు గోడలోకి ఇంకకుండా ఆ సందులోంచి బయటికి వచ్చి కనబడుతుంది. చివరగా మూతి దగ్గరి జల్లెడ విప్పి నీటిని కాసేపు వదిలి, దాన్ని తిరిగి పెట్టాలి. వేడివైపు నుంచి నీరు గాలి బుడగలు లేకుండా ధారగా వచ్చాకే గీజరు స్విచ్చి వేయాలి.