కార్డు బిల్లు, సిబిల్ స్కోరు: సమస్య ఎక్కడ, పరిష్కారం ఏమిటి

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో అప్పు మాట వస్తే ముందుగా అడిగేది "ఎన్ని రూపాయల వడ్డీ?" అనే. నూటికి నెలకు రూపాయిన్నర అంటే ఫర్వాలేదనుకుంటారు, రెండు రూపాయలంటే ఆలోచిస్తారు, మూడు రూపాయలంటే పెళ్లో ఆసుపత్రో తప్పనిసరైతేనే చేయి చాపుతారు. అంత జాగ్రత్త గల మనిషి కూడా క్రెడిట్ కార్డు చేతికి వచ్చినప్పుడు ఆ ప్రశ్న అడగడం మరచిపోతున్నాడు. మన దేశంలో చాలా కార్డుల మీద బకాయికి నెలకు 3 నుంచి 3.75 శాతం వడ్డీ పడుతుంది. అంటే ఊరి లెక్కలో అది మూడు రూపాయలు, ఆపైన వడ్డీ. నల్లగొండలో బంధువుల, ఇరుగుపొరుగువారి కార్డు బిల్లులు కూర్చుని చదివిపెట్టడం కొన్నేళ్లుగా నాకు అలవాటైంది. వారు తెచ్చే చిక్కులు దాదాపు ఎప్పుడూ ఈ కింది వాటిలో ఒకటై ఉంటాయి కనుక, ఒక్కొక్కదానికి కారణం ఏమిటో, దాన్ని ఎలా సరిచేసుకోవాలో రాస్తున్నాను.

"ప్రతి నెలా కడుతూనే ఉన్నాను, అప్పు మాత్రం తరగడం లేదు"

కారణం: బిల్లులో రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి మొత్తం బకాయి, రెండవది మినిమమ్ డ్యూ, అంటే ఆ నెలకు తప్పక కట్టవలసిన కనీస మొత్తం. రెండవది కడితే లేటు ఫీజు పడదు, మన అప్పుల చరిత్రను సిబిల్ వంటి సంస్థలు రాసిపెట్టే క్రెడిట్ రిపోర్టులో వాయిదా తప్పినట్టు నమోదు కాదు. దానివల్ల కలిగే మేలు అంతవరకే. వడ్డీ మాత్రం ఆగదు. ఒక ఉదాహరణ చూడండి. మిర్యాలగూడలో ఒకరు జూన్ 10న కార్డు మీద 20,000 రూపాయల ఫ్రిజ్ కొన్నారనుకుందాం. జులై 5న బిల్లు తయారైంది, కట్టవలసిన గడువు జులై 25. ఆ రోజు మొత్తం కట్టేసి ఉంటే 45 రోజులు పైసా వడ్డీ లేకుండా బ్యాంకు సొమ్ము వాడుకున్నట్టయ్యేది. ఆయన 1,000 రూపాయల మినిమమ్ డ్యూ కట్టి ఊరుకున్నారు. అప్పుడు వడ్డీ లెక్క గడువు తేదీ నుంచి కాకుండా, కొన్న తేదీ నుంచే మొదలవుతుంది. నెలకు మూడున్నర శాతం చొప్పున 20,000 మీద 45 రోజులకు, ఆపైన 19,000 మీద ఆగస్టు 5 వరకు 11 రోజులకు కలిపి సుమారు 1,276 రూపాయల వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 230 రూపాయలు పడతాయి. వెయ్యి కట్టిన తర్వాత ఆగస్టు బిల్లులో కనిపించే బకాయి 20,506 రూపాయలు, అంటే మొదట కొన్న ధర కంటే ఎక్కువ.

దీనికి తోడు మరో సంగతి ఉంది, బిల్లు వెనుక చిన్న అక్షరాల్లో ఉంటుంది కనుక చాలామంది దీన్ని చదవరు. పాత బకాయి ఒక్క రూపాయి మిగిలి ఉన్నా, కొత్తగా కొనే వస్తువులకు వడ్డీ లేని రోజులు ఉండవు. ఈ రోజు కిరాణా కొట్టులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి రూపే క్రెడిట్ కార్డుతో కట్టిన 300 రూపాయలకూ ఈ రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం మించరాదన్న జాతీయ వినియోగదారుల కమిషన్ 2008 నాటి తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టివేసింది కాబట్టి, వడ్డీ మరీ ఎక్కువగా ఉందన్న ఒక్క వాదనతో తగ్గించుకోగలమన్న ఆశ పెట్టుకోవద్దు.

పరిష్కారం: మొదట ఆ కార్డుతో కొనడం పూర్తిగా ఆపండి. పాత బకాయి తీరేదాకా అది ఇంట్లో బీరువాలో ఉండాలి, ఫోన్‌లోని యూపీఐ యాప్ నుంచి కూడా తీసివేయాలి. తర్వాత తక్కువ వడ్డీ సొమ్ముతో ఈ ఎక్కువ వడ్డీ అప్పును ఒక్కసారిగా తీర్చే దారి చూడండి. మన ఇళ్లలో బంగారం ఉంటుంది. బ్యాంకులో బంగారం మీద తీసుకునే అప్పుకు సాధారణంగా రూపాయికి అటూ ఇటూ వడ్డీ పడుతుంది కాబట్టి, నగ కుదువ పెట్టడానికి మనసొప్పకపోయినా లెక్క ప్రకారం అదే మేలు. అయితే దాన్ని తీర్చే నెలవారీ ఆదాయం కచ్చితంగా ఉన్నప్పుడే ఆ పని చేయాలి, లేకపోతే కార్డు అప్పు తీరి నగ పోతుంది. బంగారం వద్దనుకుంటే బకాయిని ఈఎంఐగా మార్చమని బ్యాంకును అడగవచ్చు. దాని వడ్డీ మామూలు కార్డు వడ్డీ కంటే తక్కువగా ఉంటుంది కానీ, ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ కలిపి మొత్తం ఎంత అవుతుందో ముందే రాయించుకోండి. చివరగా ఆటో డెబిట్ సెట్టింగ్ తెరిచి చూడండి. బిల్లు దానంతటదే కట్టుబడుతోంది గదా అని నిశ్చింతగా ఉన్నవారిలో చాలామందికి అక్కడ మొత్తం బకాయికి బదులు మినిమమ్ డ్యూ ఎంపికై ఉండటం నేను చూశాను.

"గడువు లోపే కట్టాను, అయినా లేటు ఫీజు వేశారు"

కారణం: బిల్లు తేదీ వేరు, గడువు తేదీ వేరు, సొమ్ము బ్యాంకు ఖాతాలో జమయ్యే తేదీ వేరు. గడువు రోజు రాత్రి ఏదో ఒక యాప్ ద్వారా పంపితే జమ కావడానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు. పని కోసం ముంబయికో హైదరాబాదుకో వలస వెళ్లి ఫోన్ నంబరు మార్చుకున్న వారికి మరో రకమైన ఇబ్బంది ఎదురవుతుంది. వాడని కార్డు మీద 500 రూపాయల వార్షిక రుసుము జీఎస్టీతో కలిసి 590గా పడుతుంది, ఆ సందేశం పాత నంబరుకు పోతుంది, లేటు ఫీజుల మీద లేటు ఫీజులు చేరి ఆఖరుకు రిపోర్టులో ఎగవేతగా నిలుస్తుంది.

పరిష్కారం: గడువు దాటి మూడు రోజులు మించితేనే లేటు ఫీజు వేయాలని, అప్పుడే బకాయి పడినట్టు సిబిల్ వంటి సంస్థలకు తెలపాలని రిజర్వు బ్యాంకు 2022 నాటి ఆదేశాల్లో చెప్పింది. మీరు ఆ మూడు రోజుల్లోపే కట్టి ఉంటే, జమైన తేదీ చూపిస్తూ ఫీజు తీసేయమని రాతపూర్వకంగా అడగండి. జీతం నెల మొదట్లో వస్తుండగా గడువు ఇరవై అయిదో తేదీన పడుతుంటే, బిల్లు తేదీని మార్చమని అడిగే హక్కు కూడా మీకు ఉంది.

"కార్డు గీకి నగదు తీసుకున్నాను, బిల్లు చూస్తే భయమేస్తోంది"

కారణం: ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో తీసిన నగదుకు వడ్డీ లేని రోజు ఒక్కటి కూడా ఉండదు, తీసిన క్షణం నుంచి వడ్డీ, ఆపై సాధారణంగా రెండున్నర శాతం వరకు రుసుము పడతాయి. దాన్ని తప్పించుకుందామని కొందరు దుకాణంలో సరుకు కొన్నట్టు కార్డు గీకించి, కమీషన్ పోగా మిగిలినది నగదుగా తెచ్చుకుంటారు. అది కార్డు నిబంధనలకు విరుద్ధం, బ్యాంకు గుర్తిస్తే కార్డు రద్దు చేయవచ్చు.

పరిష్కారం: నగదు తీసి ఉంటే గడువు కోసం ఎదురుచూడవద్దు, చేతికి సొమ్ము అందిన రోజే కట్టేయండి, ఒక్కో రోజు తగ్గిన కొద్దీ వడ్డీ తగ్గుతుంది. ఒక కార్డు బకాయి తీర్చడానికి మరో కార్డు గీకే దశకు చేరినవారు మాత్రం దయచేసి ఇంట్లో దాచవద్దు. ఆ విషయం ఇంటివాళ్లకు చెప్పి లెక్క ముందు పెట్టుకున్న రోజే దానికి దారి దొరుకుతుంది.

"ఒక్క వాయిదా తప్పలేదు, స్కోరు ఎందుకు పడిపోయింది?"

ఆ రిపోర్టును బట్టి మనకు వేసే మార్కే సిబిల్ స్కోరు, అది 300 నుంచి 900 వరకు ఉంటుంది. 750 దాటితే చాలా బ్యాంకులు మంచి స్కోరుగా చూస్తాయి. మన ఆస్తి, పొలం, జీతం ఈ లెక్కలోకి రావు. తీసుకున్న అప్పును ఎలా తిరిగి కట్టాం, ఇచ్చిన లిమిట్‌లో ఎంత వాడుతున్నాం, ఎంతకాలంగా అప్పు వ్యవహారం నడుపుతున్నాం, ఈ మధ్య ఎన్నిచోట్ల అప్పు అడిగాం అన్నవే అది చూస్తుంది.

కారణం: లక్ష రూపాయల లిమిట్‌లో ప్రతి నెలా 90,000 వాడి గడువుకు మొత్తం కట్టేసేవారికి వడ్డీ పడదు కానీ, బిల్లు తయారైన రోజున ఉన్న 90,000 బకాయే సాధారణంగా నమోదవుతుంది, ఈయన చేతిలో సొమ్ము ఆడటం లేదని ఆ అంకె చెబుతుంది. మరో కారణం, మాల్ ముందో పెట్రోలు బంకు దగ్గరో బల్ల వేసుకున్న ఏజెంట్ల మాట విని నెలలో నాలుగైదు కార్డులకు దరఖాస్తు పెట్టడం. పెట్టిన ప్రతిసారీ బ్యాంకు మన రిపోర్టు తెరుస్తుంది, ఆ ఎంక్వయిరీలన్నీ అందులో కనిపిస్తాయి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు.

పరిష్కారం: లిమిట్‌లో మూడో వంతు లోపు వాడకం ఉండేలా చూసుకోండి. పెళ్లి నెలలోనో పండుగ నెలలోనో ఎక్కువ వాడవలసి వస్తే, బిల్లు తయారయ్యే తేదీకి రెండు మూడు రోజుల ముందే కొంత కట్టేయండి. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి సమాచారం పంపుతున్నాయి కాబట్టి, ఈ మార్పు మునుపటి కంటే త్వరగా రిపోర్టులోకి వస్తుంది. అన్నిటికన్నా పాత కార్డుకు రుసుము లేకపోతే దాన్ని మూయకుండా అప్పుడప్పుడు చిన్న ఖర్చుకు వాడుతూ ఉండండి.

"ఎన్నడూ అప్పు చేయలేదు, అయినా బ్యాంకు వెనకాడుతోంది"

కారణం: అప్పు ముట్టని మనిషి అని ఊళ్లో గౌరవం దక్కుతుంది, కానీ బ్యాంకు కంప్యూటరులో అతని గురించి ఏమీ ఉండదు. చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తొలిసారి అడిగేవారిని తిరస్కరించవద్దని రిజర్వు బ్యాంకు సూచించినా, ఆచరణలో వారికి ప్రశ్నలు ఎక్కువే ఎదురవుతాయి.

పరిష్కారం: ఇరవై ముప్పై వేల ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి దాని మీద ఇచ్చే కార్డు తీసుకోండి. నెలకు ఒకటి రెండు ఖర్చులు, కరెంటు బిల్లో ఫోన్ రీచార్జో, దానితో కట్టి, ప్రతి నెలా మొత్తం తీర్చేయండి. ఏడాది గడిచేసరికి మీ పేరున చెప్పుకోదగిన చరిత్ర తయారవుతుంది, డిపాజిట్ మీద వడ్డీ కూడా మీకే వస్తుంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు నేను ఎప్పుడూ ఈ మార్గమే చెబుతాను.

"నాది కాని బాకీ నా రిపోర్టులో కనిపిస్తోంది"

ఇది ఎక్కువ మనోవేదన కలిగించే సమస్య, దీని వెనుక ఉండగల కారణాలు కూడా ఎక్కువే.

మొదటిది జమానతు. వరుసకు అన్న అయ్యే ఒకాయన ట్రాక్టర్ లోన్‌కు నేను ష్యూరిటీ సంతకం పెట్టాను. రెండేళ్ల తర్వాత ఇంటి లోన్ కోసం వెళ్తే, ఆయన కట్టని వాయిదాలు నా రిపోర్టులో ఉన్నాయని చెప్పి నా కాగితాలు పక్కన పెట్టారు. తప్పు బ్యాంకుది కాదు. జమానతు సంతకం అంటే బాకీ నాది కూడా అని ఒప్పుకోవడమేనని అప్పటిదాకా నాకు అర్థం కాలేదు. సంతకం పెట్టేముందు ఆ అప్పు మొత్తం మనమే కట్టవలసి వస్తే కట్టగలమా అని ఆలోచించుకోవాలి. పెట్టాక ఆ ఖాతా సంగతి మూడు నెలలకోసారైనా కనుక్కోవాలి.

రెండవది పంట రుణం. మాఫీ వస్తుందన్న ఆశతో రెన్యువల్ చేయించకుండా ఆగిపోయిన ఖాతా బకాయిగా మారి, అదే రైతు కొడుకు కోసం విద్యా రుణానికి వెళ్లినప్పుడు అడ్డుపడుతుంది. మాఫీ వచ్చినవారు కూడా ఖాతా సున్నా అయిందో లేదో, మాఫీ జమయ్యేలోగా పడిన వడ్డీ ఏమైనా మిగిలిందో బ్యాంకులో అడిగి తెలుసుకోవాలి.

మూడవది సెటిల్‌మెంట్. వసూలు చేసేవారు ఫోన్ చేసి 60,000 బాకీకి 25,000 కడితే చాలంటే ఎంతో ఊరటగా ఉంటుంది. అయితే ఆ ఖాతా రిపోర్టులో పూర్తిగా తీరినట్టు కాక "సెటిల్డ్" అని నమోదై ఏళ్ల తరబడి ఉంటుంది. ఎప్పటికైనా వెసులుబాటు దొరికితే మిగిలినది కట్టి, ఖాతాను "క్లోజ్డ్"గా మార్పించి, బాకీ లేదన్న పత్రం తీసుకోవడమే మేలు.

నాల్గవది నిజమైన పొరపాటు, లేదా మోసం. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనుక, బ్యాంకులో పొడి అక్షరం మాత్రమే ఉండే మన పేర్ల వల్ల ఒకరి ఖాతా మరొకరి రిపోర్టులో చేరే అవకాశం ఉంది. పాన్ జిరాక్సు ఎవరి చేతిలోనో పడి అప్పు పుట్టడం కూడా జరుగుతుంది.

పరిష్కారం: మన దేశంలో సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలు ఉన్నాయి. ఒక్కొక్కటి ఏడాదికోసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి కాబట్టి, మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా ఖర్చు లేకుండా కన్నేసి ఉంచవచ్చు. తప్పు కనిపిస్తే ఆ సంస్థ వెబ్‌సైటులో ఫిర్యాదు నమోదు చేసి, అప్పు చూపిస్తున్న బ్యాంకుకూ రాతపూర్వకంగా తెలపండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. దీనికి వకీలు అక్కరలేదు. డబ్బులిస్తే నెలలో సిబిల్ బాగుచేస్తామనే ప్రకటనలను నమ్మకండి. తప్పు నమోదును మీరే ఉచితంగా దిద్దించుకోవచ్చు, నిజమైన నమోదును ఎవరూ తుడిపివేయలేరు.

"నేను చేయని ఖర్చు బిల్లులో ఉంది"

పరిష్కారం ముందు చెబుతాను, ఎందుకంటే ఇక్కడ ప్రతి గంటా విలువైనదే. వెంటనే కార్డును బ్లాక్ చేయించి, బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబరు తీసుకోండి, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. మీ తప్పు గాని, బ్యాంకు తప్పు గాని లేకుండా మూడో వ్యక్తి వల్ల జరిగిన మోసాన్ని మూడు పనిదినాల్లోపు తెలిపితే మీరు ఒక్క రూపాయి కూడా భరించనక్కరలేదని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకు తెలిపేదాకా జరిగిన నష్టం మీ మీదే పడుతుంది.

"కార్డు మూసేయమన్నా మూయడం లేదు"

బకాయి అంతా తీర్చిన తర్వాత మూసివేత కోరితే ఏడు పనిదినాల్లో మూయాలి, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా ఈమెయిల్ పంపి ఆ తేదీ దగ్గర ఉంచుకోండి. మూసినట్టు ఉత్తరం వచ్చిన నెలకు రిపోర్టు తీసి, ఆ ఖాతా ఎదురుగా బకాయి సున్నా అని, స్థితి "క్లోజ్డ్" అని ఉందో లేదో సరిచూసుకోండి.