యుద్ధంలో పౌర సదుపాయాలపై దాడులు: ప్రజాప్రతినిధిని అడిగే ముందు జాగ్రత్తలు

• ఒక్క దాడినే ఎంచుకోండి. తేదీ, ఊరు, దెబ్బతిన్నది ఏమిటో రాసుకోండి. "యుద్ధం ఆపరా?" అని అడిగితే నాలుగు సానుభూతి మాటలు చెప్పి పంపేస్తారు.

• "పౌర సదుపాయంపై ఏ దాడైనా నేరమే" అనకండి. ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే. సైన్యానికి కరెంటు ఇచ్చే కేంద్రం సైనిక లక్ష్యం కావచ్చు. అయినా పౌరులకు జరగవచ్చని అంచనా వేసే హాని, ఆశించిన సైనిక ప్రయోజనంతో పోలిస్తే మితిమీరకూడదు. నీటి పంపులు ఆగిపోవడం, ఆసుపత్రుల్లో కరెంటు పోవడం ఆ లెక్కలోకి వచ్చాయా? అసలు అడగాల్సింది ఇదే, గట్టిగా అడగండి.

• 1977 నాటి మొదటి అదనపు ప్రోటోకాల్‌లో (యుద్ధంలో పౌరుల రక్షణ కోసం జెనీవా ఒప్పందాలకు చేర్చిన ఒప్పందం) మీ దేశం ఉందో లేదో చూసుకోండి. అమెరికా, భారత్ లేవు. కానీ పౌర ఆస్తులనూ సైనిక లక్ష్యాలనూ వేరుగా చూడాలన్న నియమం ఆచార చట్టంగా (దేశాల స్థిరమైన ఆచరణతో ఏర్పడ్డ చట్టంగా), ఒప్పందంలో లేని దేశాలకు కూడా వర్తిస్తుంది. తాగునీటి ఏర్పాట్లకు ఆ ప్రోటోకాల్‌లోని 54వ అధికరణం, ఆనకట్టలకు, అణు విద్యుత్ కేంద్రాలకు 56వది చదవండి.

• "ఇవన్నీ కాగితం మీదే" అని ప్రజాప్రతినిధి అంటే, ఉక్రెయిన్ విద్యుత్ వ్యవస్థపై దాడుల విషయంలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2024లో రష్యా సైనికాధికారులపై అరెస్టు వారెంట్లు ఇచ్చిందని గుర్తుచేయండి.

• మిత్రదేశం చేసినా ఇదే ప్రశ్న అడగగలరా? ముందు తేల్చుకోండి.

• బాధితుల ఫొటోలు అనుమతి లేకుండా జతచేయొద్దు.

• ఆయన చేయగల పని ఒకటి కోరండి: సభలో ప్రశ్న వేయడం, ఆయుధాల ఎగుమతిపై వివరణ అడగడం. జవాబు రాతపూర్వకంగా ఇమ్మనండి.