అద్దె ఇంటి గోడలకు చెమ్మ ఎక్కితే ఓనరుతో రిపేరు చేయించుకోవడం ఎలా?

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. వరద రాని వీధుల్లోనూ గోడలకు చెమ్మ ఎక్కిన అద్దె ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అద్దె ఇచ్చేటప్పుడు ఓనరుకు చెబుతాం, "చూద్దాంలే అమ్మా" అంటారు. పండక్కి పైపైన రంగు వేయిస్తారు. మళ్లీ వాన పడగానే అదే మరక. ఉబ్బసం ఉన్న పిల్లలు ఆ గదిలో పడుకుంటే రాత్రంతా దగ్గే. దీన్ని సర్దుకుపోవాల్సిన విషయంగా చూడకండి.

ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోండి. ఓనరుతో మాట నిలిచేది దీనివల్లే. నేల నుంచి రెండు మూడు అడుగుల దాకా గోడ తడిసి, తెల్లగా ఉప్పు పొంగి, పెచ్చులు ఊడుతుంటే పునాది నుంచి నీరు పీల్చుకుంటోందని అనుమానించాలి. వాన పడ్డప్పుడే సీలింగు మరక పెద్దదైతే శ్లాబులోనో సన్‌షేడ్ దగ్గరో పగులు ఉండొచ్చు. వానలు లేని రోజుల్లోనూ పెరుగుతుంటే పైవాటా బాత్రూమ్, పైపులు చూడాలి. బీరువా వెనక మాత్రమే బూజు పడితే? అడుగు చదరం అల్యూమినియం ఫాయిల్‌ను గోడకు ఆనించి నాలుగు పక్కలా టేపు వేసి, రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు తడి ఉంటే నీరు గోడలోనే ఉంది. గది వైపు తడి ఉంటే అది గది గాలిలోని తేమ. కిటికీలు మూసి లోపల బట్టలు ఆరేయడం వల్ల వచ్చిందైతే ఆ బాధ్యత మనదే, ఒప్పుకోవాలి.

మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేసి ఫోటో తీయండి. వారం తర్వాత ఇంకో గీత. మరక పాతదని ఇక ఎవరూ అనలేరు.

తర్వాత అగ్రిమెంట్ తీసి చదవండి. చాలామంది పొరపడేది ఇక్కడే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఓనరు చేయించాల్సిన రిపేరును నోటీసు ఇచ్చాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెకున్నవారు చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే 'చేయించాల్సిన' అన్న మాటే కీలకం. ఆ బాధ్యత ఓనరుదని ఒప్పందంలో రాసి ఉంటే మీ చేయి పైన ఉంటుంది. లేకపోతే పదకొండు నెలలకు రెన్యువల్ చేసేటప్పుడు ఈ ఒక్క వాక్యం రాయించండి: "శ్లాబు, గోడలు, పైపుల లీకేజీ రిపేర్లు ఇంటి యజమాని చేయించాలి."

ఇప్పుడు వాట్సాప్‌లో మర్యాదగానే, స్పష్టంగా రాయండి: "నమస్తే అండీ. బెడ్‌రూమ్ పడమటి గోడ మూడడుగుల దాకా తడిసింది, ఫోటోలు పంపుతున్నాను. ఈ నెలాఖరులోగా మేస్త్రీని పంపించండి." జవాబు రాకపోతే అదే విషయం కాగితం మీద రాసి స్పీడ్ పోస్ట్‌లో పంపి, రసీదు దాచుకోండి.

అప్పటికీ కదలకపోయినా అద్దె ఆపేయకండి. అలా చేస్తే తప్పు మీ వైపుకు తిరుగుతుంది. అద్దెలో మినహాయించుకునే ముందు ఇద్దరు మేస్త్రీల దగ్గర ఖర్చు అంచనా రాయించుకుని ఓనరుకు పంపండి, ఒక లాయరును అడగండి. ఫీజు కట్టలేనివారు న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.

పై అంతస్తులో ఉండేవాళ్ల బాధ వేరు. మే నెల ఎండకు శ్లాబు రాత్రి దాకా సెగలు కక్కుతుంది. దాన్ని రిపేరు అని వాదించడం కష్టం, బేరమే దారి. డాబాకు తెల్లటి కూల్ పెయింట్ వేయిస్తే గది వేడి తగ్గుతుంది. సగం ఖర్చు మీరు పెట్టుకుంటానంటే చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు. ఎండలు ముదరకముందే, ఫిబ్రవరిలోనే అడగండి.

ఇల్లు మారాలనుకుంటే, నెలవారీ అద్దెకు వేరే ఒప్పందం గానీ స్థానిక చట్టం గానీ లేనప్పుడు పదిహేను రోజుల నోటీసు చాలు. తాళాలు ఇచ్చే రోజు పెన్సిల్ గీతలు కనిపించేలా గోడలన్నీ వీడియో తీయండి. చెమ్మ మరకల పేరు చెప్పి అడ్వాన్సులో కోత పెట్టబోతే ఆ వీడియో చూపించండి.