ఒకే సెట్టింగ్‌తో రెండు ఫొటోలు

సంక్రాంతికి ఊరెళ్ళేవాళ్ళు ఇది చేసి చూడండి. బయల్దేరే ముందు సిటీలో మీ డాబా మీంచి ఒక ఆకాశం ఫొటో, ఊళ్ళో దిగాక అదే ఫోన్‌తో ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెట్టి ఫ్యామిలీ గ్రూపులో వేయండి. కాంతి కాలుష్యం (దీపాల వెలుగు ఆకాశాన్ని తెల్లబరిచి చుక్కల్ని కప్పేయడం) గురించి నేను ఎంత చెప్పినా వినని మా బావగారు ఈ జంట ఫొటో చూశాకే గేటు మీది ఫ్లడ్‌లైటు కిందికి తిప్పించారు.

అసలు కిటుకు ఏంటంటే, నైట్ మోడ్ వాడకూడదు. అది చీకటినీ వెలుగునీ తనకు తోచినట్టు సర్దేసి, రెండు చోట్లకీ ఉన్న తేడాను మింగేస్తుంది. ప్రో మోడ్‌లో (కెమెరా అంకెలు మనమే పెట్టుకునే మోడ్) ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే తీవ్రత) 1600, షట్టర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం) 10 సెకన్లు, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) 4000, ఫోకస్ అనంతం దగ్గర పెట్టి, రెండు చోట్లా అంకె మారకుండా తీయండి. తర్వాత ఎడిటింగ్ కూడా వద్దు, ఎంత చేతులు దురద పెట్టినా సరే.

జనవరి మధ్యలో రాత్రి 8 గంటలకు పిల్లలకోడి (కృత్తికలు అనే చుక్కల గుంపు) దాదాపు నడినెత్తిన ఉంటుంది. కాబట్టి కెమెరా నేరుగా పైకి చూస్తే చాలు, ట్రైపాడ్ అక్కర్లేదు. తువ్వాలు మడిచి పరిచి, ఫోన్‌ను స్క్రీన్ కిందికి వచ్చేలా దానిమీద బోర్లించి, టైమర్ పెట్టి పక్కకి జరగండి. చందమామ ఉన్న రాత్రి మాత్రం వద్దు. వెన్నెల కూడా ఆకాశాన్ని తెల్లబరుస్తుంది, నేరం వీధి దీపం మీద పడుతుంది.