చద్దన్నం కంచం దగ్గర మితాహారం

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు మన తెలుగిళ్లలో యోగమంటే పొద్దున్నే నాలుగు ఆసనాలు. అసలు సాధన కంచం దగ్గరుంది. యోగంలో చెప్పే మితాహారమంటే పస్తులు కాదు. కడుపులో సగం అన్నానికి, పావు నీళ్లకి, పావు ఖాళీ.

రోజూ తినేదాంట్లో ముప్పాతికే వడ్డించుకోండి. మొదటి ముద్దకి ముందు 3 సార్లు ఊపిరి: 4 అంకెలు లెక్కపెడుతూ పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలాలి. చద్దన్నం అనండి, ఒడియాలో పఖాళ అనండి, చాలామంది తప్పేది అక్కడే. నానిన మెతుకు జారిపోతుంది, దవడ కదలదు. ముద్దముద్దకీ ఉల్లిపాయ కొరకండి, నమలక తప్పదు.

మారు వడ్డనకి ముందు 5 నిమిషాలు ఆగండి; కడుపు నిండిన కబురు మెదడుకి ఆలస్యంగా చేరుతుంది. అప్పటికీ ఆకలుంటే తినండి, దాచొద్దు. వడ్డించేవాళ్లకి ముందే చెప్పుకోండి, లేకపోతే ప్రేమకొద్దీ ఇంకో గరిటె వేసేస్తారు.